పొలమారని ఇల్లు

తాయారమ్మ దిష్టి తీసిందంటే ఆ సందు సందంతా దగ్గాల్సిందే. గుప్పిట నిండా ఎండుమిరపకాయలూ రాళ్ళుప్పూ పట్టి, మనవరాలి చుట్టూ తిప్పి, పెరటి వసారాలో కుంపట్లో పడేసేది. ఆ ఘాటుకి పైవాటాలో అద్దెకున్న బ్యాంకు ఉద్యోగి కిటికీలు దబదబా వేసుకునేవాడు. గుంటూరు మిరపకాయ ఊరికే పోతుందా మరి!

మనవరాలు హిమజకి ఉబ్బసమని తేలాక ఆ ముచ్చట మూలపడింది. పిల్లకి అగరుబత్తి పొగ కూడా పడేది కాదు. తాయారమ్మ దిష్టి తీయడం మానలేదుగానీ, కాయల్ని నిప్పుల్లో వేయకుండా సందు చివర పారబోసి, సగం పని చేసినట్టుందని సణుక్కుంటూ వచ్చేది. ఇప్పుడు పిల్లకి నయమైంది. కొన్ని నెలలుగా ఆయాసమన్న మాటే లేదు. పైగా ఆ రోజు బడిలో పరుగుపందేనికి ఎంపికైంది కూడా. ఇక ఆవిణ్ణి ఆపేవాళ్ళెవరు?

కుంపట్లో కాయలు చిటపటలాడి పొగ లేచింది. తాయారమ్మ దాని మీదికి వంగి చూస్తోంది. పదేళ్ళ హిమజ ఆవిడ కొంగు పట్టుకుని పక్కనే నిలబడింది. కొడుకు శేషగిరి అరుగు మీద కూర్చుని కాలేజీ పిల్లల లెక్కల పేపర్లు దిద్దుకుంటున్నాడు. కోడలు వకుళ అప్పుడే పరిశోధనాలయం నుంచి వచ్చి చెప్పులు విప్పుతోంది. నలుగురిలో ఒక్కరికీ దగ్గు రాలేదు. గొంతు గరగర కూడా లేదు.

"చూశావటే అమ్మాయ్!" అంది తాయారమ్మ, మొహం ఇంతచేసుకుని. "ఇంత లావు కాయ వేస్తే ఘాటన్నదే లేదు. ఎంత దిష్టి తగిలి ఉండాలి నా తల్లికి! మొత్తం లాగేసుకుంది చూడు."

దిష్టి ఉంటే మిరపకాయ ఘాటు రాదని ఆవిడ నమ్మకం. ఎంత కాలినా దగ్గు రాకపోతే అంత దిష్టి పోయినట్టు లెక్క. హిమజ చప్పట్లు కొట్టింది. శేషగిరి పేపర్లలోంచి తలెత్తకుండానే నవ్వాడు.

సరిగ్గా అప్పుడు పైవాటాలోంచి దగ్గు వినిపించింది. ఒకటి, దాని వెంట ఇంకోటి, తర్వాత తెరలు తెరలుగా. బ్యాంకాయన దగ్గుతూనే కిటికీ రెక్కలు లాగి, "అమ్మగారూ, కాస్త చెప్పి వేయండమ్మా! ప్రాణాలు పోతున్నాయి!" అని అరిచాడు.

విప్పుతున్న చెప్పు వకుళ చేతిలోనే ఉండిపోయింది. ఘాటు వచ్చింది. పైన కిటికీ చాటునున్న మనిషికి ప్రాణం పోయేంతగా వచ్చింది. నిప్పుల పక్కనే నిలబడ్డ తమ నలుగురికే తెలియలేదు. పిల్లకి తెలియకపోవడానికి కారణం ఆమెకి తెలుసు, ఎందుకంటే ఆ కారణాన్ని పిల్ల గొంతులో పోసింది తనే. మరి అత్తయ్యకీ, ఆయనకీ, తనకీ ఏమైంది?

*

డాక్టర్ వకుళ ఇరవయ్యేళ్ళుగా చదువుతున్నది ఒక్క ఉబ్బసాన్నే. విద్యార్థిగా ఉన్నప్పుడు మిరప యార్డులో తొడిమలు తీసే ఆడవాళ్ళ గొంతుల్లోంచి దూదిపుల్లలతో నమూనాలు తీసుకుంటూ మొదలుపెట్టింది. అక్కడి దుమ్ముకి అందరూ దగ్గేవాళ్ళే, తుమ్మేవాళ్ళే. కొందరికి మాత్రం ఏమీ అయ్యేది కాదు. పూలు గుచ్చుకుంటున్నట్టు కబుర్లాడుతూ కూర్చునేవాళ్ళు. వాళ్ళ గొంతుల్లో ఒక సూక్ష్మజీవి దొరికింది. రోగం తెచ్చేది కాదు, అద్దెకుండే మర్యాదస్తురాలి లాంటిది.

ఉబ్బసమంటే ఒంటి కాపలాదారులు పొరబడటం. దుమ్ముని చూసి దొంగ అనుకుంటారు. ఒకసారి అనుకున్నాక ఇక మర్చిపోరు. మళ్ళీ రేణువు కనబడగానే కేకలు పెట్టి, ఊపిరి గొట్టాల తలుపులన్నీ బిగించేస్తారు. ఇంట్లోవాళ్ళకి గాలి ఆడుతోందా లేదా అని చూడరు. యార్డు ఆడవాళ్ళ గొంతులోని జీవి ఒక పదార్థాన్ని ఊరించి ఆ కాపలాదారుల్ని శాంతింపజేస్తోందని వకుళ కనిపెట్టింది. దాన్ని పెంచి, మార్చి, బలం పెంచింది. ఆమె శిష్యుడు మస్తాన్‌వలి దానికి 'ఊరట' అని పేరు పెట్టాడు.

ఊరటలో రెండు రకాలు తయారయ్యాయి. మొదటిది గొంతులో చేరితే ఇక అక్కడే కాపురం. మాత్రలు వేసి చంపితే తప్ప పోని జీవిని మనుషులకి ఇవ్వకూడదని దాన్ని పక్కన పెట్టేశారు. రెండోదానికి తాళం వేశారు. ఒక ప్రత్యేకమైన చక్కెర ఇస్తున్నంతకాలమే బతుకుతుంది, ఆపేస్తే నాలుగు రోజుల్లో చస్తుంది. ఆ తాళం ఉన్న రకాన్నే ఇప్పుడు కొందరు పెద్దవాళ్ళకి ఇచ్చి పరీక్షిస్తున్నారు. పిల్లలకి ఇవ్వడానికి అనుమతి రావాలంటే ఇంకా ఏళ్ళు పడుతుంది.

హిమజకి ఏళ్ళు లేవు. పోయిన కార్తీకంలో ఒక మధ్యాహ్నం బడినుంచి ఫోన్ వచ్చింది. వకుళ ఆటోలో పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రికి వెళ్తుంటే, పెదవులు నేరేడుపండు రంగుకి తిరిగాయి. పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పీక్కుపోతోంది. పిల్ల తల్లి మొహంలోకి చూస్తోందిగానీ మాట లేదు. ఊరంతటి ఉబ్బసాన్ని చదివిన తల్లి, ఆ ఆటోలో డ్రైవర్ని "తొందరగా, బాబూ, తొందరగా" అనడం తప్ప ఏమీ చేయలేకపోయింది.

పిల్ల బతికింది. ఆ వారంలోనే వకుళ తాళం లేని రకాన్ని ఒక చిన్న సీసాలో ఇంటికి తెచ్చింది. తాళం ఉన్నదాన్ని తేవడానికి వీల్లేదు, దానికి బొట్టుబొట్టుకీ జవాబు చెప్పాలి. పక్కన పెట్టేసిన దాన్ని ఎవరూ పట్టించుకోరు.

"కొత్త మందా? అనుమతి వచ్చిందా మరి?" అని అడిగాడు శేషగిరి.

"ఆఁ" అంది వకుళ. పదమూడేళ్ళ కాపురంలో భర్తకి చెప్పిన మొదటి పెద్ద అబద్ధం అంత చిన్నది.

అంతవరకూ ఆటల పిరియడ్‌లో తోటిపిల్లల చెప్పులకి కాపలా కూర్చున్న పిల్ల, సంక్రాంతి సెలవులు దాటేసరికి మెట్లు ఎగురుకుంటూ ఎక్కింది. వీధి కుక్కతో పందెం వేసింది. రాత్రిళ్ళు పిల్లిలాగా గురగుర లేకుండా నిద్రపోయింది. వకుళ ఆ నిశ్శబ్దాన్ని వింటూ పడుకునేది. తప్పు చేశానన్న భయం ఉండేది, కానీ ఆ ఊపిరి విన్నప్పుడల్లా అది దూరంగా జరిగి నిలబడేది.

*

మిరపకాయలు కాల్చిన మర్నాడు వకుళ ఇంట్లో అందరి గొంతులూ చూసింది. "గాలి మారింది, జ్వరాలు తిరుగుతున్నాయి" అని సాకు చెప్పి దూదిపుల్లలు తిప్పింది. పరిశోధనాలయంలో మూడో రోజుకి నమూనాలు పెంచిన నాలుగు గాజు పళ్ళేల్లోనూ పసుపుపచ్చ అంచుతో గుండ్రటి మచ్చలు లేచాయి. ఎక్కడ చూసినా గుర్తుపట్టగల మచ్చలు.

మస్తాన్‌వలి కూడా గుర్తుపట్టాడు. అతను ఇప్పుడు శిష్యుడు కాదు, సాటి శాస్త్రవేత్త. అయినా ఆమె ముందు కూర్చోవడానికి మొహమాటపడతాడు.

"మేడమ్, ఇది తాళం లేని రకం కదా? మనం ఎప్పుడో ఆపేశాం. ఎవరి నమూనాలివి?"

"పాతవే. లేబుల్ తారుమారై ఉంటుంది."

అతను తలూపాడు. అనుమానించడం అతనికి చేతకాక కాదు, ఆమెని అనుమానించడం చేతకాక. పోతూ పోతూ ఆగాడు. "ఒకటి చూశాను మేడమ్. ఎలుకలకి మిరపఘాటు పట్టిస్తే ఊరట ఉన్నవి దగ్గట్లేదు. కాపలాదారుల్నే కాదు, దగ్గు తెప్పించే నరాల్ని కూడా నిద్రపుచ్చుతున్నట్టుంది. తాళం ఉన్న రకంలో కూడానేమో. రాసి పెట్టమంటారా?"

"ఇంకోసారి చేసి చూద్దాం. తొందరేముంది?"

"ఇంకో ఎలుకకి అంటుకోకపోవడం ఒక్కటే అదృష్టం" అన్నాడతను.

అతను వెళ్ళాక వకుళ ఎలుకల గదిలోకి వెళ్ళి నిలబడింది. ఒక్కోదానికి ఒక్కో పంజరం, ఒక్కో గిన్నె, ఒక్కో నీళ్ళ సీసా. ఎంత శుభ్రంగా చేసింది ప్రయోగం! ఎలుకలకి నాయనమ్మలుండరు. ఒకే కంచంలో అన్నం కలిపి పిల్లకో ముద్ద, తనకో ముద్ద పెట్టుకునేవాళ్ళుండరు. పిల్ల వదిలేసిన పెరుగన్నం పారేయబుద్ధి కాక తినేసే తండ్రులుండరు. పిల్ల కొరికిన జామకాయ అందుకునే తల్లులుండరు.

అప్పుడామెకి తాయారమ్మ మాట గుర్తొచ్చింది. నెలరోజులుగా ఆవిడ అంటూనే ఉంది. "ఏందోనే అమ్మాయ్, ఈమధ్య నాకు పొలమారడమే లేదు. తలుచుకునే దిక్కే లేకుండా పోయినట్టున్నాను." తెనాలిలో ఉన్న అన్నగారికి ఫోన్ చేసి, "నన్ను మర్చిపోయావు కదరా అన్నయ్యా, నిజం చెప్పు" అని నిలదీసింది కూడా. ఆ ముసలాయన లబలబలాడాడు. ఇంటిల్లిపాదీ నవ్వారు. వకుళ కూడా నవ్వింది.

డెబ్భై నాలుగేళ్ళ మనిషి. పళ్ళు కదులుతున్నాయి, మింగడం నెమ్మదైంది. ఆ వయసులో మెతుకో నీటిబొట్టో దారి తప్పడం మామూలే. తప్పినప్పుడల్లా పొలమారి, దగ్గొచ్చి, బయటికి వచ్చేస్తుంది. పక్కవాళ్ళు మాడు మీద తట్టి 'ఎవరో తలుచుకుంటున్నారు' అంటారు. ఆవిడకి ఇప్పుడు పొలమారడం లేదంటే దారి తప్పడం ఆగిందని కాదు. తప్పినవి తిరిగి రావడం లేదు.

*

సూక్ష్మజీవిని చంపే మాత్రలున్నాయి. అత్తగారికి విటమిన్లని చెప్పి వకుళ వాటిని వేయించింది. వారం తిరిగేసరికి గొంతు శుభ్రమైంది. ఒక ఉదయం కాఫీ తాగుతూ తాయారమ్మ పొలమారి, కళ్ళనీళ్ళు పెట్టుకుని దగ్గి, "మా అన్నయ్యేనే! ఫోన్ చేసిన పుణ్యం" అని మురిసిపోయింది. ఇంకో వారానికి పసుపు అంచు మచ్చలు మళ్ళీ లేచాయి.

కంచం ఒకటే కదా మరి.

"అత్తయ్యా, ఇకనుంచి హిమకి వేరే కంచం పెడదాం. దాని ఎంగిలి మీరు తినొద్దు" అంది వకుళ, వంటింట్లో గిన్నెలు సర్దుతున్నట్టు నటిస్తూ.

తాయారమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఏం? ఏమైందిప్పుడు?"

"ఏం లేదు. శుభ్రంగా ఉంటుందని."

"శుభ్రమా." ఆవిడ కంచంలోకి చూసుకుంది. "దాని తండ్రిని ఈ చేత్తోనే పెంచాను. నీ కూతురికి పాలపళ్ళు రాకముందునుంచీ ఈ చేత్తోనే పెడతున్నా. ఇయ్యాళ నా చేతిముద్ద రోత పుట్టిందా అమ్మాయ్?"

"అయ్యో, అదికాదత్తయ్యా..."

"పోన్లేమ్మా. చదువుకున్నదానివి. నీకు తెలిసినట్టు నాకు తెలవదు."

ఆ రోజునుంచి తాయారమ్మ వసారాలో ఒక్కతే కూర్చుని తినేది. గోడవైపు తిరిగి, చప్పుడు కాకుండా. నిజం చెబితే ఆ ముఖం ఇటు తిరుగుతుందని వకుళకి తెలుసు. చెబితే శేషగిరికి తెలుస్తుంది, పరిశోధనాలయానికి తెలుస్తుంది. అన్నిటికంటే ముందు, పిల్లకి కూడా ఆ మాత్ర వేయాల్సి వస్తుంది. ఇంట్లో ఒక్క గొంతులో ఊరట మిగిలినా మిగతావాళ్ళకి అంటుకుంటుంది. పోవాలంటే అందరికీ పోవాలి. ఆ ఆటో, ఆ నేరేడుపండు పెదవులు మళ్ళీ రావాలి.

హిమజ ఊరుకుంటుందా? తల్లి చూడనప్పుడు వసారాలోకి వెళ్ళి నోరు తెరుచుకుని కూర్చునేది. నాయనమ్మ అటూ ఇటూ చూసి ముద్ద పెట్టేది. వకుళ తలుపు చాటునుంచి ఒకసారి చూసింది. అడ్డం వెళ్ళకుండానే వెనక్కి తిరిగింది.

'పరుగుపందెం అవనీ' అనుకుంది. 'ఒక్కసారి పిల్లని పరిగెత్తనిచ్చి, మర్నాడే అందరికీ వేసేస్తాను.' తనకి తనే ఇచ్చుకున్న గడువు అది. అడిగేవాళ్ళు లేని గడువు తియ్యగా ఉంటుంది.

పందేనికి ముందురోజు తాయారమ్మకి ఒళ్ళు వెచ్చబడింది. "ఎండకి వేడి చేసింది, ఏం లేదు" అని మజ్జిగ తాగి పడుకుంది. సందు మొదట్లో ఉన్న డాక్టరు వచ్చి చూసి, "దగ్గు లేదు కదా, ఊపిరితిత్తులకి ఏమీ అయ్యుండదు" అని జ్వరం బిళ్ళలిచ్చి వెళ్ళాడు. అతని తప్పేమీ లేదు. ఎవరైనా అదే అంటారు.

వకుళ ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసింది. ఊపిరి కొంచెం వడిగా ఉంది. ముక్కుపుటాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఇరవయ్యేళ్ళుగా ఊపిరి చూసి రోగం చెప్పే మనిషి ఆమె. ఆ క్షణంలో ఆమెకి అంతా తెలుసు. ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్తే ఏం జరిగిందో అక్కడ చెప్పాలి. చెబితే రేపటి పందెం ఉండదు.

"రేపు సాయంత్రం చూపిద్దాం అత్తయ్యా" అంది.

"సాయంత్రం చూద్దాంలే. నా మనవరాలు పరిగెత్తేది చూడకుండా నేనేడకి పోతాను?" అంది తాయారమ్మ. కంచం గొడవ తర్వాత కోడలితో నవ్వుతూ మాట్లాడింది అదే మొదలు.

హిమజ మూడోదిగా వచ్చింది. రెండు జడలూ ఎగురుతుంటే, నోరు మూసుకుని, ముక్కుతోనే గాలి పీలుస్తూ పరిగెత్తింది. గీత దాటాక ఆగకుండా నేరుగా నాయనమ్మ కుర్చీ దగ్గరికే వెళ్ళి ఒళ్ళో వాలింది. తాయారమ్మ దాని నుదుట మెటికలు విరిచి, అక్కడే, ఆ ఎండలో, ఆ సంబరం మధ్యన పక్కకి ఒరిగిపోయింది.

*

ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల అడుగుభాగాలూ తెల్లబడి ఉన్నాయి. వారాల తరబడి మెతుకులూ, నీళ్ళూ చేరి, చీము పట్టింది. "ఇంత న్యుమోనియా పెట్టుకుని ఒక్కసారీ దగ్గలేదా?" అని ఆసుపత్రి డాక్టరు ఆశ్చర్యపోయాడు. వకుళ అప్పుడు చెప్పింది. ఏ జీవి ఉందో, ఏ మందు వేయాలో, అది ఎక్కణ్ణుంచి వచ్చిందో. ఆ చెప్పేటప్పుడు శేషగిరి పక్కనే ఉన్నాడు.

మర్నాడు పొద్దున తాయారమ్మకి కాస్త తెలివి వచ్చింది. వకుళ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"అత్తయ్యా, హిమకి నయం చేసింది నా మందు. అది ప్రాణమున్న మందు. దాని కంచంలోంచి మీకు అంటుకుంది. అందుకే మీకు పొలమారలేదు. తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతున్నా తెలియలేదు. నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను."

తాయారమ్మ మొహం మీది ఆక్సిజన్ ముసుగు వేలితో కొంచెం జరిపింది.

"అయితే... నా మిరపకాయలు కాదా ఏంది?"

"కాదత్తయ్యా."

"పిల్లతో అనమాక. నాయనమ్మ దిష్టి తీస్తేనే తగ్గిందనుకుంటంది అది." ఆవిడ ఊపిరి కూడదీసుకుంది. "మరి కంచం వేరు చేసింది ఇందుకా?"

"అందుకే."

"నా చేతిముద్ద రోత కాదన్నమాట." ఆవిడ కళ్ళు మూసుకుంది. మూసిన కళ్ళలోంచే నీళ్ళు చెవుల వైపు జారాయి. "అప్పుడే చెప్పకూడదటే పిచ్చిదానా? అన్నం మింగుడు పడక ఎంత ఏడ్చాననుకున్నావు."

ముసుగు సర్ది, వకుళ బయటికొచ్చి వరండా గోడకి ఆనుకుంది. తిడితే పడటానికి సిద్ధపడి వచ్చింది. తిట్టకుండా ఆవిడ అన్న ఆ మాటకి మాత్రం సిద్ధపడి రాలేదు.

రెండు రోజులకి తాయారమ్మ పోయింది. చివరిదాకా ఒక్క దగ్గూ రాలేదు.

*

కర్మకాండలు ముగిశాక శేషగిరి మొదటిసారి నోరు విప్పాడు. గోడకున్న తల్లి ఫొటోకి కొత్తగా వేసిన దండ సరిచేస్తూ, వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"అమ్మని అడిగుంటే ఒప్పుకునేది. 'నా దగ్గు తీసేసుకుని పిల్లకి ఊపిరి ఇయ్యవే' అనేది. తెలుసా నీకు?"

"తెలుసు."

"అడగలేదు నువ్వు. నన్నూ అడగలేదు. పిల్లనీ అడగలేదు. ఎలుకల్ని అడగరు కదా, మమ్మల్నీ అట్టాగే అనుకున్నావు."

ఆ మాట అతను అనకముందే ఆమె తనతో తాను చాలాసార్లు అనుకుంది. కానీ అతని నోట వింటే కొత్తగా నొప్పెట్టింది.

పరిశోధనాలయంలో ఆమె అందరి ముందూ నిలబడి చెప్పింది. తాళం ఉన్న రకం తీసుకుంటున్నవాళ్ళకి ఆ రోజే చక్కెర ఆపేశారు, ఒక్కొక్కరినీ పిలిచి గొంతులూ ఊపిరితిత్తులూ చూశారు. అదృష్టవశాత్తూ అందరూ కుర్రవాళ్ళే, ఎవరికీ ఏమీ కాలేదు. వాళ్ళలో ఒక యార్డు హమాలీ, "మళ్ళీ ఆ ఆయాసం తెస్తారా మేడమ్? బస్తా మొయ్యబట్టి ఈ ఆర్నెల్లే కదమ్మా నాలుగు రూపాయలు కళ్ళచూసింది!" అని ఆమె చేతులు పట్టుకున్నాడు. ఊరట సీసాలన్నిటినీ ఒక ఇనప్పెట్టెలో పెట్టి సీలు వేశారు. ఆమెని పనిలోంచి తప్పుకోమన్నారు. తప్పుకుంది.

మస్తాన్‌వలి ఆమె సామాన్లు కారు దాకా మోసుకొచ్చాడు. డిక్కీ వేశాక తల వంచుకుని అన్నాడు.

"లేబుల్ తారుమారైందన్నారు మేడమ్. నేను నమ్మాను. ఒక్క లేబుల్ తేడా వచ్చినందుకు నాతో నెలరోజులు ఎలుకల గది కడిగించారు మీరు. అట్టాంటి మనిషి అబద్ధం చెబుతుందని ఎట్టా అనుకుంటాను?"

కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

ఇంట్లో చివరి పని మిగిలింది. వకుళ, శేషగిరి మాత్రలు వేసుకున్నారు. హిమజ ముందు మాత్రా, గ్లాసూ పెట్టి వకుళ కింద కూర్చుంది. ఈసారి 'కొత్త మందు' అనలేదు, 'విటమిన్' అనలేదు. జరిగినదంతా, పదేళ్ళ పిల్లకి అర్థమయ్యేట్టు చెప్పింది. మిరపకాయల మాట ఒక్కటే వదిలేసింది.

"ఇది వేసుకుంటే మళ్ళీ ఆయాసం వస్తదా?"

"వస్తుంది."

"పరిగెత్తలేనా?"

"కొన్నాళ్ళు కష్టం. పాత మందులున్నాయి, ఇన్‌హేలర్ ఉంది. నేను పక్కనే ఉంటాను."

హిమజ మాత్రని అరచేతిలో దొర్లించింది. "నాయనమ్మ నా వల్ల చచ్చిపోయిందా?"

"కాదు." వకుళ పిల్ల గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది. "నీ వల్ల కాదు. నా వల్ల. ఎవరైనా అడిగినా అదే చెప్పు. నువ్వు ముద్ద తిన్నావు, అంతే. ముద్ద తినడం తప్పు కాదు."

"వేసుకోకపోతే?"

"మీ బళ్ళో పిల్లలకి అంటుకుంటుంది. వాళ్ళ ఇళ్ళల్లో నాయనమ్మలుంటారు కదా."

పిల్ల ఆలోచించింది. ఎవరెవరి నాయనమ్మలో కళ్ళముందు తిరిగినట్టున్నారు. మాత్ర నోట్లో వేసుకుని, గ్లాసుడు నీళ్ళూ తాగేసి, ఖాళీ నోరు తెరిచి తల్లికి చూపించింది.

*

ఆయాసం తిరిగి రావడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. మొదట నిద్రలో సన్నగా ఈల, తర్వాత మెట్ల దగ్గర రొప్పు. ఇన్‌హేలర్ మళ్ళీ బడిసంచి జేబులోకి చేరింది. ఆటల పిరియడ్‌లో హిమజ మళ్ళీ చెప్పుల పక్కన కూర్చుంది. పరుగులో గెలుచుకున్న కంచు పతకాన్ని నాయనమ్మ ఫొటో మేకుకి తగిలించింది.

ఒక మధ్యాహ్నం ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. మూడు కంచాలు. శేషగిరి అవసరానికి తప్ప మాట్లాడటం మానేసి చాలాకాలమైంది. కంది పొడీ నెయ్యీ కలుపుకుని రెండో ముద్ద మింగబోతుండగా వకుళకి పొలమారింది.

మామూలుగా కాదు. గొంతులో మెతుకు అడ్డంపడి, కంది పొడి కారం ముక్కులోకెక్కి, కళ్ళు చీకట్లు కమ్మేంతగా దగ్గొచ్చింది. ఇన్ని నెలల దగ్గంతా ఒక్కసారే వచ్చినట్టు వచ్చింది. ఊపిరి తిరగడం లేదు. అయినా ఆమెకి లోపలెక్కడో ఒక పిచ్చి సంతోషం కలిగింది, వెంటనే ఆ సంతోషానికి సిగ్గేసింది. ఈ దగ్గు ఆవిడకి ఇవ్వాల్సింది. ఇవ్వగలిగి ఇవ్వలేదు.

హిమజ కంచం ముందునుంచి లేచి వచ్చింది. ఆ నాలుగు అడుగులకే ఛాతీలో ఈల వేస్తోంది. తల్లి వెనక నిలబడి, అచ్చం నాయనమ్మ తట్టినట్టే, ఎడమ అరచేత్తో మాడు మీద తట్టింది.

"నాయనమ్మ తలుచుకుంటందమ్మా."

వకుళ దగ్గుల మధ్యనే తల అడ్డంగా ఊపింది. "తిట్టుకుంటోందేమోనే..."

"తిట్టుకున్నా..." పిల్ల ఆగి ఊపిరి తీసుకుంది. "తిట్టుకున్నా, మనల్ని తలుచుకుంటేనే కదా."

తడుతూనే ఉంది. శేషగిరి తల ఎత్తాడు. కూతురి ఛాతీలో ఈలనీ, భార్య గొంతులో దగ్గునీ కాసేపు విన్నాడు. తర్వాత తన ముందున్న మంచినీళ్ళ గ్లాసుని వకుళ వైపు జరిపాడు.